‘జై’ అంటే తొక్కాలె

కారు కింద వెల్లకిలా పడుకుని ఊరేగింపు నడిపిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. నోటినిండా బ్రేకాయిల్‌తో, ఒక్క మాటైనా పైకి రాకుండా, కోరుట్ల మెయిన్ రోడ్డు మీద అంత జనాన్నీ నిలబెట్టేశాను. ఆ ఘనకార్యంలో ఒక ఎర్ర కారు రంగు మారింది, ఒక పెద్దమనిషి తెల్ల చొక్కా మళ్లీ తెల్లబడలేదు, మా మేనమామ నాతో మాట్లాడటం మానేశాడు. పూర్తిగా మానేయలేదు లెండి, తిట్టడానికి మాత్రం నోరు తెరిచేవాడు. కార్లను కన్నబిడ్డల్లా చూసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పేజీ తిప్పేయండి. మిగిలినవాళ్లు సర్దుకుని కూర్చోండి.

అప్పటికి నాకు ఇరవై దాటాయో లేదో. కోరుట్లలో జగిత్యాల రోడ్డు పక్కన మా మల్లేశం మామకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ట్రాక్టర్లు, జీపులు, ట్రాలీ ఆటోలు వచ్చేవి. నాకు పని వచ్చు. కాకపోతే పనికంటే పగటికలలు ఇంకా బాగా వచ్చేవి. మధ్యాహ్నం పూట బండి కింద దూరానంటే, రేకుల చిల్లుల్లోంచి పడే ఎండ మచ్చలు నేల మీద మెల్లగా జరుగుతుంటే, ఊరి బయట పసుపు ఉడకబెట్టే వాసన గాలిలో తేలి వస్తుంటే, పానా చేతిలోనే ఉండేది, నేను మాత్రం ఎక్కడికో వెళ్లిపోయేవాణ్ణి. నా కలల్లో రోడ్లకు గుంతలుండేవి కావు. మామ వచ్చి కాలితో పొడిచి, "లింగం, ఎన్నడత్తవ్ర వాపస్?" అని అడిగితే తప్ప తిరిగొచ్చేవాణ్ణి కాదు.

అవి ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీదే వంటావార్పు. నినాదాలు ఎంతగా అలవాటయ్యాయంటే, అవి వినపడకపోతే నిద్ర పట్టేది కాదు. మామ షెడ్డు నా మీద వదిలేసి, చౌరస్తాలో రిలే దీక్షల టెంటు కింద మెడలో బంతిపూల దండతో కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు.

"ట్రాక్టరస్తె చెయ్యి. జీపస్తె చెయ్యి. తెల్వని బండి అస్తె ముట్టకు. నేనచ్చెదాక నీడ పట్టున పండవెట్టు."

తెలియని బండి ఆ పొద్దుటే వచ్చింది.

పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి ఒక ట్రాక్టరు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది. ఎర్రటిది, పొట్టిది, టాపు లేనిది. సీట్లు రెండే. పక్కన నిలబడితే నా నడుము ఎత్తు కూడా రాలేదు. ఏ కంపెనీదో చెప్పను. నేను చేసిన పనికి వాళ్లకు చెడ్డపేరు ఎందుకు? వయసులో నాకంటే పెద్దది. దాని ముక్కు చూడగానే నేను సగం వెళ్లిపోయాను. సముద్రం పక్కన రోడ్డు, గాలికి ఎగురుతున్న నా జుట్టు, అన్నీ కళ్లముందు కదిలాయి. సముద్రాన్ని నేను అప్పటికి చూడలేదు. జుట్టు సంగతికొస్తే, మామ దగ్గరుండి మిషన్ కటింగ్ చేయించేవాడు.

కారుతో పాటు దిగిన మనిషి గంగాధర్. దుబాయ్‌లో ఒక షేకు ఇంట్లో మొదట కార్లు తుడిచాడు, తర్వాత డ్రైవరయ్యాడు. అక్కడ అచ్చం ఇలాంటి కారునే తుడుస్తూ తుడుస్తూ ఒక కల కన్నాడట. సొంతంగా ఒకటి కొనాలి, పక్కన భార్య సుగుణను కూర్చోబెట్టుకోవాలి, సిరిసిల్లలో ఆమె పుట్టింటి గల్లీలోకి వెళ్లాలి. పెళ్లిలో ఆమెకు మాట కూడా ఇచ్చాడు. ఎన్నో ఏళ్లకు బొంబాయిలో ఎవరి దగ్గరో పాతది దొరికింది. కానీ లీవుకు వచ్చినప్పుడల్లా ఆ కారు ఏదో ఒక జబ్బుతో పడుకునే ఉంది. ఈ లీవు కూడా అయిపోవచ్చింది.

"తమ్మీ, రేపు మా ఇంటామెను దీంట్లనే సిరిసిల్లకు తీస్కపోవాలె. ఎల్లుండి ఆడికెల్లే బొంబాయి, ఆడికెల్లి విమానం. మల్ల లీవు ఎన్నడిత్తరో నాకే తెల్వది. జర నీ పుణ్యముంటది, సూడు" అన్నాడు.

"ఏమైతున్నదన్నా?"

"గేరు పడతలేదు. కరకరమంటున్నది. క్లచ్చు తొక్కితె పట్టు లేకుంట కిందికి పోతున్నది. రెండు మూడు సార్లు కొడితె జర పడతది."

"ఊఁ."

"క్లచ్చు డబ్బల బ్రేకాయిల్ పోసుడు, అది తక్కువైతుండుడు. పోసింది ఎటు పోతున్నదో తెల్వది."

"ఊఁ."

"ఇంకోటి. కాళ్ల కింద తడి తడిగుంటున్నది. చెప్పు జారుతున్నది."

"చెమట గావచ్చన్నా" అన్నాను.

ఇక్కడ కొంచెం ఆగి మీకొక సంగతి చెప్పాలి. మన ట్రాక్టర్లలో క్లచ్చు పెడలుకూ లోపల గేరుబాక్సుకూ మధ్య కడ్డీయో తీగో ఉంటుంది. ఈ కారులో ఆ కడ్డీ పని నూనె చేస్తుంది. పెడలు తొక్కితే పైనున్న సిలిండర్ నూనెను సన్నటి గొట్టంలోకి తోస్తుంది, ఆ నూనె వెళ్లి కింది సిలిండర్‌ను తోస్తుంది. లోపలి రబ్బర్లు అరిగాయంటే నూనె కారుతుంది, నూనె పోయిన చోట గాలి చేరుతుంది, గాలి చేరితే పెడలు మెత్తగా నేలకు అంటుకుపోతుంది. అంటే గంగాధర్ ఆ జబ్బును తల నుంచి కాలిదాకా వరసగా చెప్పేశాడు. చదివే మీకే ఇప్పుడు తెలిసిపోయింది. నాకెందుకు తెలియలేదంటారా? నేనప్పుడు సముద్రం పక్కన ఉన్నాను.

అక్కడి నుంచే తీర్పు ఇచ్చాను. "ప్లేటు కాలిపోయిందన్నా."

మా షెడ్డుకు వచ్చిన ఏ బండికైనా క్లచ్చు ప్లేటే కాలేది. కాబట్టి దీనికీ అదే కాలాలి. గొప్ప చెప్పుకుందామని టెంటు దగ్గరికి పరుగెత్తాను.

"మామా, ఎర్ర కారొకటి అచ్చింది. ప్లేటు పోయింది."

"ఇప్పి సూసినవా?"

"సూడకుంటనే తెలుస్తున్నది."

"అట్లనా! సూడకుంటనే తెలిస్తె నువ్వీడ కూసో, నేను వొయ్యి ఇంత బువ్వ తినస్త. అరె, ముట్టకుమన్న గదర! ఇంకేమన్న చెయ్యి గని గేరుబాక్సు మాత్రం దించకు."

పక్కనే దండలు వేసుకుని కూర్చున్నవాళ్లంతా పకపకా నవ్వారు. ఉపవాసం ఉన్న మనుషులకు అంత గట్టిగా నవ్వే ఓపిక ఎక్కడిదో నాకర్థం కాలేదు. రోషం పొడుచుకొచ్చింది. తిన్నగా వెళ్లి గేరుబాక్సు దించాను.

ప్లేటు చూడాలంటే అది దించక తప్పదు. దించడమంటే మాటలు కాదు. ఆ కారు కింద పిల్లి దూరడమే కష్టం. సీట్లు ఊడదీశాను, పైపులు ఊడదీశాను, ఏది దేనికి అడ్డం వస్తే దాన్ని ఊడదీశాను. పొద్దు వాలేసరికి షెడ్డు నిండా కారే. గంగాధర్ ఒక డబ్బా మీద కూర్చుని, ఇంత కారులో అంత సామాను ఎట్లా పట్టిందా అన్నట్టు చూస్తున్నాడు. ప్లేటు బయటికి తీశాను. కొత్తది. పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు తళతళలాడుతోంది.

"కాలిందా తమ్మీ?"

"కాలుడుకు దగ్గరికైతె అచ్చిందన్నా" అన్నాను.

అన్నీ మళ్లీ బిగించేసి, చివరగా పెడళ్ల కింద చాప పరుస్తుంటే చేతికి తడి తగిలింది. వాసన చూశాను. చాప కింద రేకు మీద ఎర్ర రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయి ఉంది. బ్రేకాయిల్ పడ్డ చోట రంగు బతకదు. చాప చేత్తో పట్టుకుని అక్కడే కూలబడ్డాను. సముద్రం ఒక్కసారిగా ఎండిపోయింది.

"అన్నా, చెమట గాదు."

"నేను గదే మొత్తుకుంటున్న గద తమ్మీ, పొద్దటిసంది!"

గంగాధర్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండేది. గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు. ఆ మనిషి ఎడారిలో ఏళ్ల తరబడి గుడ్డ పట్టుకుని పక్కవాడి కారు తుడుస్తూ కన్న కలను నేను ఒక్క పూటలో గేరుబాక్సు కింద పెట్టి నలిపేశానని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అరిగిన రబ్బర్లు జేబులో వేసుకుని, స్నేహితుడి బైకు అడుక్కుని జగిత్యాల వెళ్లాను. అక్కడ బంద్. సామాన్ల దుకాణం షట్టరు నేలకు జానెడు ఎత్తులో ఆగి ఉంది. రోడ్డు మీద బోర్లా పడుకుని ఆ సందులోంచి బేరం మొదలుపెట్టాను. లోపల నాకు కనిపించింది ఒక జత చెప్పులు మాత్రమే.

"సేటూ, క్లచ్చు సిలిండర్ రబ్బర్లు గావాలె."

"ఏ బండివి?" అన్నాయి చెప్పులు.

"రెండు సీట్ల బండి."

"మోపెడ్డా?"

"కారు, సేటూ. టాపు లేదు."

"టాపు ఎటు వోయింది? రాళ్లేసిండ్రా?"

రబ్బర్లు సందులోంచి లోపలికి తోశాను. కొంతసేపు చెప్పులు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత జీపు రబ్బర్ల కిట్టు, ఒక బ్రేకాయిల్ డబ్బా బయటికి వచ్చాయి. "గివి వెట్టు. సరిపోతయి. నేనిచ్చిన్నని ఎవ్వలికి చెప్పకు" అంది లోపలి గొంతు. ఇప్పటికీ చెప్పలేదు. ముఖం చూస్తే కదా చెప్పడానికి.

రబ్బర్లు సరిపోయాయి! మధ్యాహ్నానికి రెండు సిలిండర్లూ బిగించేశాను. అప్పటికి సుగుణ కూడా వచ్చి ఉంది. పట్టుచీర, జడలో కనకాంబరాలు, ఒళ్లో తల్లికోసం చేసిన మురుకుల డబ్బా. పాత ట్రాక్టరు టైరు మీద సర్దుకుని కూర్చుంది. అదే రంగులేని మా షెడ్డు, ఆమె వచ్చి కూర్చోగానే ఎవరింట్లోనో శుభకార్యం జరుగుతున్నట్టయింది.

"వదినా, కార్ల కూసో, ఆడ మాసిపోతది" అన్నాను.

"వద్దు తమ్మీ. పోయేటప్పుడే కూసుంట. నిలవడ్డ కార్ల కూసునుడు ఏం కూసునుడు?" అని, కాస్త ఆగి, "అయితదా?" అంది.

"అయిపోయినట్టే. గాలి తీసుడొక్కటే ఉన్నది."

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. పైన ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి. కింద ఇంకొకరు సిలిండర్‌కున్న చిన్న నిప్పుల్ వదులు చేస్తే నూనెతో పాటు గాలి బుడబుడా బయటికి వస్తుంది. నిప్పుల్ మళ్లీ బిగించాకే పెడలు వదలాలి. అది బిగించకముందే పైనవాడు కాలు తీశాడో, పోయిన గాలంతా చుట్టాలను వెంటేసుకుని మళ్లీ లోపలికి వస్తుంది. కిటుకంతా ఇద్దరి మధ్య మాట కుదరడంలోనే ఉంది.

మాకు కుదరలేదు. నేను "తొక్కు" అంటే గంగాధర్ "తొక్కాల్నా?" అని అడిగేవాడు. "ఇడువు" అంటే "ఇడిసి చానసేపయింది" అనేవాడు. సుగుణ టైరు మీంచి, "ఇద్దరు ఒక్క తీరు మాట్లాడుండ్రి" అని సర్దిచెప్పింది. అప్పుడు గంగాధర్‌కే ఆలోచన తట్టింది.

"తమ్మీ, గిట్ల గాదు. ఊరేగింపుల మనం ఎన్నడన్న తప్పినమా? నువ్వు ‘జై’ అను, నేను తొక్కుత. ‘తెలంగాణ’ అను, ఇడిసిపెడ్త. నిద్రల లేపినా తప్ప."

ఎంత బాగుంది! నేనైతే మురిసిపోయాను. కారు కింద దూరి గట్టిగా "జై..." అన్నాను. పెడలు కిందికి వెళ్లింది. నిప్పుల్ వదిలాను, గాలి బుడగలు వచ్చాయి, బిగించాను. "తెలంగాణ!" అన్నాను. పెడలు పైకి వచ్చింది. గడియారం లోపల పళ్లచక్రాల్లా ఇద్దరం కుదిరిపోయాం. పెడలు కొంచెం కొంచెంగా గట్టిపడుతోంది. "జై..." "తెలంగాణ!" రేకుల చిల్లుల్లోంచి ఎండ మచ్చలు నా ఛాతీ మీదికి పాకాయి. పసుపు వాసన తేలి వచ్చింది. నోరు దానిపాటికది అంటూనే ఉంది, చెయ్యి దానిపాటికది తిప్పుతూనే ఉంది. నేను మళ్లీ సముద్రం దగ్గరికి బయల్దేరాను.

రోడ్డు మీద పోయే ఎవరో నా "జై" విని "తెలంగాణ!" అని బదులిచ్చారు. ఆ రోజుల్లో అది మర్యాద. నమస్కారానికి నమస్కారం పెట్టినట్టు. ఎవరైనా జై అంటే, మిగతాది అనకుండా ముందుకు వెళ్లే మనిషి మా దిక్కున లేడు. ఇంకొకరు అన్నారు. ఆ తర్వాత పదిమంది అన్నారు. నేను కళ్లు తెరిచేసరికి షెడ్డు గుమ్మంలోంచి అన్నీ కాళ్లే కనిపించాయి. చౌరస్తాకు వెళ్లాల్సిన పెద్ద ఊరేగింపు, డప్పులతో, గులాబీ రంగు గులాల్ పళ్లాలతో, చేతిమైకు పట్టుకున్న తెల్లచొక్కా పెద్దమనిషితో సహా మా షెడ్డు ముందు ఆగిపోయింది.

"ఎవల్లు తమ్మీ కారు కింద?" అని మైకులో అడిగాడాయన. నిప్పుల్ వదులుగా ఉంది. "ఆగుండ్రి" అందామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నిప్పుల్‌కు తగిలించిన రబ్బరు గొట్టం ఊడి బ్రేకాయిల్ నా నోట్లోకే చిమ్మింది. ఆ రుచి గురించి అడగకండి.

నా దగ్గర్నుంచి జవాబు లేకపోయేసరికి పెద్దమనిషి మైకు పట్టుకుని జనం వైపు తిరిగాడు. "అన్నలారా! అక్కలారా! సూడుండ్రి! మన మెకానిక్ కార్మికుడు కారు కింద వండుకోని నిరసన తెల్పుతున్నడు! గీ తమ్ముని కోసం గట్టిగ అనుండ్రి! జై..."

జనం అన్నారు. ఊరంతా అన్నట్టయింది. గంగాధర్ తొక్కాడు, వదిలాడు. వాళ్లు మళ్లీ అన్నారు. ఆయన మళ్లీ తొక్కాడు, వదిలాడు. మాట ఇచ్చిన మనిషి కదా! కింద నిప్పుల్ తెరిచే ఉంది. డప్పు వేగం పెరిగింది. ఆయన కాలు వేగం కూడా పెరిగింది. నేను కింద కాళ్లు టపటపా కొట్టుకుంటున్నాను. "సూసిండ్రా ఆవేశం!" అన్నాడు మైకు పెద్దమనిషి. పైన మూత తీసిన క్లచ్చు డబ్బాలోంచి నూనె ఫౌంటెన్‌లా లేచి బానెట్ మీద, ఆయన చొక్కా మీద పడింది. దాని మీద ఎవరో ఆనందం పట్టలేక పళ్లెం పళ్లెం గులాల్ చల్లేశారు.

పాక్కుంటూ బయటికి వచ్చేసరికి ఎర్ర కారు గులాబీ రంగులో ఉంది. నా మెడలో ఎవరో దండ వేశారు. గంగాధర్ మాత్రం ఇంకా తొక్కుతూనే ఉన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ.

"తమ్మీ, ఒక్కటన్న తప్పిన్నా?"

"తప్పలేదన్నా" అన్నాను ఉమ్ముతూ. పెడలు చేత్తో నొక్కి చూశాను. నేలకు అంటుకుంది. ఇక ఆ సిలిండర్లలో ఉన్నదంతా గాలే. జగిత్యాల నుంచి తెచ్చిన డబ్బాలో కూడా నూనె చుక్క లేదు, షాపులన్నీ బంద్.

ఊరేగింపుతో పాటే వచ్చిన మా మామ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ఆయన మెడలో దండ, నా మెడలో దండ. కారును చూశాడు, నన్ను చూశాడు.

"ఏమైందిర?"

"గాలి చొచ్చింది మామా."

"కారుకా, నీకా?"

జనం నవ్వుతున్నారు. నవ్వని మనిషి ఒక్కతే, సుగుణ. మురుకుల డబ్బా రెండు చేతులతో పట్టుకుని నిలబడి, రోడ్డు వైపు చూస్తోంది. ఆ రోజు బస్సులు కూడా లేవు. నెమ్మదిగా, "పోనీతీయుండ్రి. ఈడికెల్లే బొంబాయి వోవుండ్రి. నేను మల్ల లీవుకు కూసుంట" అని మొగుడితో అంది. అది విని గంగాధర్ కాలు మొదటిసారి పెడలు మీంచి జారింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మామ దండ తీసి నా చేతిలో పెట్టాడు. "బ్రేకులు మంచిగున్నయా?"

"బ్రేకుల డబ్బ వేరే, మామా. నేను ముట్టలేదు."

"ముట్టలేదా? అయితె మంచిగనే ఉంటయి." గంగాధర్ వైపు తిరిగాడు. "ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్ల వెట్టు. మేం తోస్తం. బండి ఉర్కుడు వట్టినంక మెల్లగ గేరెయ్యి, క్లచ్చు లేకున్నా పడతది. ఆపాల్నంటె గేరు తీసి బ్రేకు కొట్టు. కని మల్ల కదలాల్నంటె మాత్రం మనుషులు తోయాలె. ఇప్పుడు రోడ్ల మీద మనుషులకేం తక్కువ?"

సుగుణ కారులో కూర్చుంది. పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని కూర్చుంది. అందరం వెనక చేరాం. మైకు పెద్దమనిషి, డప్పులవాళ్లు, మామ, నేను. ఎవరు మొదలుపెట్టారో గానీ, "జై" అనగానే తోశాం, "తెలంగాణ" అనగానే ఊపిరి తీసుకున్నాం. కారు కదిలింది.

ఆ కాసేపు ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. వాలిన ఎండలో గులాల్ కింద పడకుండా గాలిలోనే నిలిచి ఉంది. డప్పు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టుంది. గుంతల రోడ్డు మీద ఆ కారు పడవలా తేలుతూ పోతోంది. దుకాణాల షట్టర్లు సగం లేపి జనం చూస్తున్నారు. ఆ ఊరేగింపు ఎవరి పెళ్లిదో అనుకుని ఒక ముసలమ్మ అక్షింతలు లేక రెండు మల్లెపూలు విసిరింది. సుగుణ మెల్లగా తలెత్తి నవ్వింది. తర్వాత గేరు పడింది, కారు ఒక్క దూకు దూకి మా చేతుల్లోంచి జారిపోయింది. రోడ్డు మలుపులో గులాబీ చుక్కలా కనిపించి మాయమైంది.

బాగా పొద్దుపోయాక నా ఫోను మోగింది. సుగుణ.

"తమ్మీ, సిరిసిల్లకు వచ్చినం" అంది. వెనక మరమగ్గాల చప్పుడు టకటకమని వినిపిస్తోంది. వేములవాడ దగ్గర వంటావార్పు అడ్డం వచ్చిందట. దిగి అందరితో పాటు రోడ్డు మీద కూర్చుని పప్పన్నం తిన్నారట. తిన్నవాళ్లే చేతులు కడుక్కుని కారు తోసి పంపారట.

"ఇంటి ముందల ఆపిండ్రా వదినా?"

ఆమె కిసుక్కున నవ్వింది. "మా అమ్మ హారతి పట్టుకోని వాకిట్ల నిలవడ్డది. నేనే ‘ఆపకుండ్రి, ఇంకో సుట్టు’ అన్న. అమ్మ ముందలికెల్లి పోతుంటె ‘క్లచ్చు లేదే అవ్వా, ఆపరాదు!’ అని మొత్తుకున్న. మల్ల ఇంకో సుట్టు. గల్లీల మగ్గాలన్ని ఆపి సూసిండ్రు. హారతి ఆరిపోయింది గని మేమైతె ఆగలే." గొంతు కాస్త తగ్గించింది. "ఆగితె దిగాలె గద, తమ్మీ. దిగితె తెల్లారుతది. ఆయన పోతడు."

చివరికి పెట్రోలు అయిపోయి, మిల్లు ముందు పోసిన వ్యర్థపు నూలు కుప్ప దగ్గర కారు దానంతటదే ఆగిందట. గంగాధర్ మర్నాడే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మామ ఆ కారు తెప్పించి, కొత్త డబ్బా నూనె పోసి, ఒక్క నినాదం లేకుండా గాలి తీశాడు. వెన్నలా పనిచేసింది. రంగు మాత్రం ఎంత తుడిచినా పోలేదు. రాష్ట్రం వచ్చాక గంగాధర్ లీవుకొచ్చాడు. సుగుణను ఎక్కించుకుని అన్ని ఊళ్లూ తిప్పాడు. బ్రహ్మాండంగా ఉందని మాకు కబురు కూడా పంపాడు. లీవు ముగిసే ముందు మాత్రం ఒక మధ్యాహ్నం ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. ఆయన తల గోక్కుంటూ నా దగ్గరికొచ్చి, మామకు వినపడకుండా అడిగాడు.

"తమ్మీ, తీసిన గాలి మల్ల నింపత్తదా?"

"ఎందుకన్నా?"

"రేపు సిరిసిల్లకు పోవాలె. క్లచ్చు మంచిగున్నది. ఇంటి ముందల ఆపుమంటె ఆపాలె గద. మా ఇంటామె అడుగుమన్నది."

వెనక్కి తిరిగి చూశాను. సుగుణ టైరు మీద కాదు, కారులోనే కూర్చుని ఉంది. ఒళ్లో మురుకుల డబ్బా. ఏమీ ఎరగనట్టు రేకుల చిల్లుల్లోంచి పడే ఎండను చూస్తోంది.

కాబట్టి, మా షెడ్డు గుమ్మానికి వేలాడే ఎండిన నిమ్మకాయల సాక్షిగా, మీరంతా వింటుండగా ప్రమాణం చేస్తున్నాను. తెలియని బండిని ఈ జన్మలో ముట్టను. పానా చేతిలో ఉండగా సముద్రం ఒడ్డుకు వెళ్లను. గాలి తీసేటప్పుడు నోరు కట్టేసుకుని వేలితో సైగ చేస్తానే తప్ప ఒక్క నినాదం ఇవ్వను. ఈ ప్రమాణం గంగన్న కారుకు మాత్రం వర్తించదు. ప్రతి లీవు చివర్లో అది వస్తుంది, మామ భోజనానికి వెళ్లేదాకా ఆగుతుంది. అప్పుడు నేను కింద దూరి, నిప్పుల్ వదులు చేసి, మెల్లగా "జై" అంటాను.